కూర్చున్నవాళ్లకు వేసే మార్కులు

వాదపోటీలో లోకేశ్వరి టీచర్ నడువరుగా కూర్చుంటుందంటే, అంటే తీర్పు చెప్పే కుర్చీలో ఆవిడ ఉందంటే, కోయంబత్తూరు నుంచి పొల్లాచ్చి దాకా హైస్కూలు పిల్లలకు గుబులే. తతిమ్మా నడువర్లు మాట్లాడేవాళ్లను చూస్తారు. ఈవిడ కూర్చున్నవాళ్లను చూస్తుంది. ఎదుటివాడు మైకు ముందు దంచుతుంటే నువ్వు వింటున్నావా, లేక నీ చీటీ నువ్వు వల్లె వేసుకుంటున్నావా అని కళ్లద్దాల మీదుగా కనిపెడుతుంది. గొంతు చించుకుంటే ఆవిడ దగ్గర ఒక్క మార్కు రాలదు. "అరిచినోనికి కాదు, బదులు చెప్పినోనికే మార్కు" అంటుంది.

ఆవిడకు కుడి చెవి ఒక్కటే పనిచేస్తుంది. ఎడమ చెవి పదిహేనో ఏట పోయింది, అదీ వాదపోటీలోనే.

కినత్తుకడవులో ఆ రోజు విషయం, ఆడపిల్లకు మేలు చేసేది చదువా, పెళ్లా అని. లోకేశ్వరి చదువు పక్షం. పెళ్లి పక్షాన నిలబడ్డవాడు కొబ్బరి తోటల వారింటి కృష్ణరాజ్. పైగా అతనికీ లోకేశ్వరికీ ఇళ్లలో సంబంధం మాటలు నడుస్తున్నాయి. తొమ్మిదో క్లాసు మూడేళ్లు వదలకుండా చదివిన మనిషికి చదువంటే ఇంత కోపమెందుకని లోకేశ్వరి మైకులో అడిగేసింది. హాలంతా ఘొల్లుమంది. ఇప్పుడైతే ఆ మాటకు తానే రెండు మార్కులు కోస్తానంటుంది. మనిషిని కాదు, మాటను కొట్టాలి కదా. కోస్తే రెండు మార్కులు కోయాలి, చెవి కాదు.

అన్న పెరుమాళ్సామి మెట్లెక్కి వచ్చి, అందరి ముందూ లాగి కొట్టాడు. కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి కాయలు కాసిన చెయ్యి అది. చెవిలోంచి నెత్తురు మెడ మీదుగా తెల్ల వోణీలోకి దిగింది. "నోరా వీపుకు తేకే అని తల కొట్టుకొని చెప్తినే" అంటూ తల్లి ఇంట్లో ఆ చెవిలో కాచిన నూనె పోసింది. మిగిలిన కాస్త వినికిడీ దాంతో పోయింది. కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. లోకేశ్వరికి మండింది కూడా దెబ్బకు కాదు. వేదిక కింద ముగ్గురు నడువర్లు ఉన్నారు, పెద్దమనుషులు. ఒక్కడూ తలెత్తలేదు. కాగితాల్లోకి చూస్తూ కూర్చుని, అణకువ కోసమంటూ కప్పు కృష్ణరాజ్‌కి ఇచ్చి పంపారు.

తరవాత ఆవిడ చరిత్ర టీచర్ అయింది. అన్న చెయ్యి ఆవిడ చేతిలోకీ వచ్చింది. మొదటి పదేళ్లు చెక్క స్కేలుతో పిల్లల్ని బాగానే వాయించింది, ఆ మాట దాచదు. ఒకరోజు స్కేలు ఎత్తగానే ఒక పిల్ల ఎడమ చెవి మూసుకుంది. ఆ స్కేలు బల్ల సొరుగులో పడింది, మళ్లీ బయటికి రాలేదు.

ఈ ఏడు ఊరి తెలుగు సంఘంవాళ్లు కల్యాణ మండపంలో తెలుగు వాదపోటీ పెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఏ పిల్లలైనా రావచ్చన్నారు, ఊరి బయటి దళితుల కాలనీ పిల్లలతో సహా. ఆ మాట అనేటప్పుడు కాలనీ పిల్లలు ఫైనల్‌కు వస్తారని ఎవరూ అనుకోలేదు. పదో క్లాసు ఇందుజ వచ్చింది. చెట్లెక్కి కాయలు దింపే ముత్తుసామి కూతురు. ఎదురుగా పెరుమాళ్సామి మనవడు ముకుంద్.

ఆదివారం పొద్దున్నే పెరుమాళ్సామి చెల్లెలింటికి వచ్చి కాఫీ తాగాడు.

"అమ్మణీ, కాలనీ పిల్ల చేతిలో మన బిడ్డ ఓడితే నేను ఊర్లో తలెత్తేదానికి లేదు. నీకు ఇంకో చెవి ఉండాది. జ్ఞాపకం పెట్టుకో."

"ఇంకొంచెం కాఫీ పోయనా అన్నా?" అంది లోకేశ్వరి.

మాటకేం, బాగానే అంది. కానీ భయపడింది. మనవలున్న మనిషి, యాభై తొమ్మిదేళ్ల మనిషి, అన్న మోటారు సైకిలు సందు తిరిగే దాకా కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ చెవి కూడా పోతే వాదపోటీ అన్నది ఇక ఉండదు.

పోటీ విషయం, దెబ్బ పడితేనే పిల్లలు బాగుపడతారా అని. చీటీ తీస్తే ముకుంద్‌కి అవునన్న పక్షం వచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు. ఆ చుట్టుపక్కల పిల్లలు తెలుగు రాసుకునేది అలాగే.

"మా తాత మా నాయనను కొట్టి పెంచినాడు. ఈ పొద్దు మా నాయనకు రెండు నార మిల్లులు ఉండాయి" అన్నాడు ముకుంద్. ముందు వరసలో తాత మీసం దువ్వాడు. చప్పట్లు పడ్డాయి. లోకేశ్వరి మాత్రం ఇందుజనే చూస్తోంది. ఆ పిల్ల తన చీటీ మడిచి పక్కన పెట్టి, పెన్సిల్‌తో అరచేతిలో ఏదో రాసుకుంది.

తన వంతు రాగానే మెల్లగా అంది. "ముకుంద్ అన్న చెప్పింది నిజమనే అనుకుందాము. దెబ్బ తింటే మిల్లు వస్తాదంటే, మా కాలనీలో దెబ్బ తినని మనిషే లేడు. మాకు ఎన్ని మిల్లులు రావాల?"

హాలు నవ్వింది. నవ్వి, చప్పున ఆగింది. నిరుడు కాయల దొంగతనం మోపి పెరుమాళ్సామి ముత్తుసామిని చెట్టుకు కట్టి మోటారు బెల్టుతో కొట్టిన సంగతి ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. పోయాయన్న కాయలు నాలుగో రోజు గోడౌన్‌లోనే దొరికాయి. ఆ పిల్ల ఆ మాట ఎత్తి ఉంటే పోటీ అక్కడితో ముగిసేది. ఎత్తలేదు, ముందు వరస వైపు చూడనైనా లేదు. లోకేశ్వరి దానికి మార్కులు వేసింది.

ముకుంద్ కూడా తక్కువవాడు కాదు. చీటీ దించి ఆసాంతం విన్నాడు. "దానికి నా దగ్గర బదులు లేదు. వేరే పాయింటుకు పోతాను" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఏ పిల్లవాడి నోటా ఆవిడ ఆ మాట వినలేదు. దానికీ మార్కులు వేసింది.

మిగిలిన ఇద్దరు నడువర్లలో ఒక వకీలు ఇందుజ అన్నాడు, రెండో ఆయన ముకుంద్ అన్నాడు. ఆ రెండో ఆయన, నవ్వొస్తుంది గానీ, అప్పటి కృష్ణరాజే. ఇక మిగిలింది లోకేశ్వరి కాగితం. ఇందుజకు ఎనభై ఒకటి, ముకుంద్‌కి డెబ్బై తొమ్మిది. రెండంటే రెండు మార్కులు. పెన్ను కాస్త జారితే చెవి దక్కుతుంది, ఎవరికీ తెలియదు కూడా. కళ్లెత్తితే అన్న తనవైపే చూస్తున్నాడు. లోకేశ్వరి కూడిక ఇంకోసారి సరిచూసుకుని, సంతకం పెట్టి, మైకు దగ్గరకు నడిచింది.

ఇందుజ పేరు చెప్పి కారణాలు చదవడం మొదలుపెట్టింది. మొదటి కారణం పూర్తయ్యేసరికి పెరుమాళ్సామి మెట్లెక్కాడు. అరవై ఎనిమిదేళ్లు మోకాళ్లకు వచ్చాయి గానీ చేతికి రాలేదు. మొదటి దెబ్బకు కళ్లద్దాలు ఎగిరిపడి, పెదవి చిట్లింది. లోకేశ్వరి మైకు కడ్డీ పట్టుకుని, "రెండోది, మనిషిని కొట్టకుండా మాటను కొట్టింది" అని చదివింది. రెండో దెబ్బ కుడి చెవి మీద పడింది.

ఆ తరవాత ఆవిడకు అంతా కనిపించడమే, వినిపించడం లేదు. ముకుంద్ అడ్డం వచ్చాడు. తాత వాణ్ణి మెట్ల మీంచి తోశాడు, మోచెయ్యి వెనక్కి మడతపడి వాడు నోరు తెరిచాడు. వెనక వరసల్లోంచి కాలనీవాళ్లు లేచారు, ముందు వరసలవాళ్లు కుర్చీలెత్తారు. ఒకడి నెత్తి పగిలి చొక్కా ఎర్రబడింది. ముత్తుసామి పెరుమాళ్సామి మెడ పట్టి స్తంభానికి అదిమాడు. వకీలు, ఇంకో నలుగురు పడి విడదీశారు గానీ, లేకపోతే ఆ రోజు ప్రాణం పోయేదే. కృష్ణరాజ్ మార్కుల కాగితాలు పోగుచేసుకుని బల్ల కింద దూరాడు.

అంతా అణిగాక లోకేశ్వరి వేదిక మెట్టు మీద కూర్చుంది. కుడి చెవిలోంచి కారింది జాకెట్టు భుజం మీద ఎండుతోంది. ఇందుజ ఎదుట నిలబడి ఏదో అడిగింది. లోకేశ్వరి తల అడ్డంగా ఊపింది. పిల్లకు అర్థమైంది. తన చీటీ వెనక్కి తిప్పి పెన్సిల్‌తో రాసి చూపించింది. తమిళ అక్షరాలు, తెలుగు మాట.

"జాస్తి నొప్పిగా ఉండాదా టీచర్?"

లోకేశ్వరి ఆ ముక్క చదివింది. తన గొంతు ఎంత పెద్దదయిందో తనకే తెలియక, విరిగిన కుర్చీలు ఏరుతున్నవాళ్లంతా తిరిగి చూసేలా చెప్పింది.

"నీ రెండో పాయింటులో బలం లేదు. ఉదాహరణ చెప్పకనే దాటిపోతివి. అక్కడ నాలుగు మార్కులు కోసినాను."

ఇందుజ కళ్లు తుడుచుకుని ఆవిడ పక్కనే కూర్చుంది. పెన్సిల్ తీసి ఆ మాట రాసుకుంది.