నిమ్మకాయ మీద దిగిన బాంబర్

మా కాలనీ లిఫ్టులో ఎనిమిది మందికి మించి ఎక్కరాదని స్పష్టంగా రాసి ఉంటుంది. తొమ్మిదో మనిషి ఎక్కాక గంట మోగుతుంది. అప్పుడందరూ ఆ తొమ్మిదో మనిషిని వదిలేసి లిఫ్టును తిడతారు. పేట్ బషీరాబాద్‌లో కాపురం పెట్టిన నాటి నుంచీ చూస్తున్నాను, గంట విని దిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ పట్టింపు నాకు వృత్తి అంటగట్టింది. విమానాల మరమ్మతు ఇంజనీరుగా పనిచేశాను. చివరి ఏళ్ళలో నా బాధ్యత తూకం. విమానం ఎంత బరువుందన్నది సగం ప్రశ్నే. ఆ బరువు ఎక్కడుందన్నది మిగతా సగం.

రిటైరైన మరుసటి వేసవిలో మేడ్చల్ నుంచి యాదగిరి అనే హోటలు యజమాని వెతుక్కుంటూ వచ్చాడు. శామీర్‌పేట వెళ్ళే దారిలో, వాళ్ళమ్మ పేరనున్న పొలంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానాన్ని పాత ఇనుము వేలంలో కొని తెచ్చి నిలబెట్టాడు. దాన్ని హోటలు చేస్తాడట. బాంబులు పెట్టే గదిలో బిర్యానీ.

"జర కూలకుంట నిలవెట్టుండ్రి సారూ. తతిమ్మది నేను జూసుకుంట" అన్నాడు.

చూశాను. ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు పెద్ద చక్రాలు. నాలుగు ఇంజన్లూ ఎప్పుడో ఊడిపోయాయి. అవి పెద్ద చక్రాలకు ముందువైపు ఉండే బరువు. అవి లేకపోతే తోకదే పైచేయి. కాబట్టి ముక్కులో ఇసుక బస్తాలు వేయించి, తోక కింద ఇనుప స్టాండు పెట్టించాను. నా పని అయిపోయిందనుకున్నాను.

యాదగిరి తల్లి బాలమ్మ ఒప్పుకోలేదు. "మనుషుల మీద బాంబులేసిన బండి అది. పూజ జేసి, చక్రం కింద నిమ్మకాయ నలిగినంకనే నా భూమిల పొయ్యి ముట్టియ్యాలె" అంది. యాదగిరి ఊరంతటికీ పిలుపులు పంపేశాడు. తల్లి మొదటి ముద్ద తినకపోతే హోటలు తెరుచుకోదు.

చక్రం కదలాలంటే తోక స్టాండు తీయాలి. ట్రాక్టరు కట్టి ఒక్క అడుగు లాగేంతసేపు మాత్రమే తీస్తామని, ఆ సేపు లోపల మనిషన్నవాడు ఉండకూడదని షరతు పెట్టాను. అందరూ తలలూపారు. అయితే కొత్త బండికి పూజయ్యాక ఇంటిల్లిపాదీ ఎక్కి నాలుగడుగులు తిరిగి రావడం ఆనవాయితీ. నా షరతు సంగతి ఆ ఆనవాయితీకి ఎవరూ చెప్పలేదు.

పూజ ముగించి పంతులు ముక్కు చక్రం ఎదుట నిమ్మకాయ పెట్టాడు. స్టాండు తీశారు. నేను ట్రాక్టరు గొలుసు చూస్తుండగా చుట్టాలందరూ వెనక నిచ్చెన మీదుగా తోకలోకి ఎక్కేశారు. ముక్కు నెమ్మదిగా, ఎంతో హుందాగా పైకి లేచింది. ఇన్నేళ్ళ తర్వాత అది గాల్లోకి లేవడం అదే మొదలు. సగమే లేచిందనుకోండి.

"అందరు దిగుండ్రి, జల్దీ" అని యాదగిరి అరవబోతే అతని నోరు మూశాను. అందరూ ఒక్కసారిగా దిగితే ముక్కు దభాలున పడి ముందు చక్రం కాలు విరుగుతుంది. ఒక్కొక్కరే ముందుకు నడవాలి. బాంబుల గది మధ్య దారి ఒక మనిషి పట్టేంతే. కాబట్టి వరుసే సమస్య.

"మీలో మర్యాద ముందు ఎవరికి?" అని అడిగాను.

"మేనమామకే" అన్నాడు యాదగిరి.

మేనమామ నర్సింలును పేరుపెట్టి పిలిచాను. ఆయన భారీ మనిషి. ఆయన కదలగానే ముక్కు జానెడు దిగింది. వెంటనే లోపలి నుంచి యాదగిరి మేనత్త గొంతు వినిపించింది.

"ఇంటి ఆడిబిడ్డను నేనీడ ఉండంగ ఆయినెట్ల ముంగట వోతడు?"

"పిలిచిండ్రు, వోతున్న. నిన్ను వద్దన్ననా?" అన్నాడు నర్సింలు.

ఆమె బయలుదేరింది. ఆమె వెనక ఆమె తోడికోడలు, తనేం తక్కువని. ఇక నేను పిలవనక్కర్లేకపోయింది. అలకలు ఒక్కొక్కటిగా ముందుకు నడుస్తున్నాయి, ముక్కు దిగుతోంది. చక్రం నేలకు మూరెడు ఎత్తులో ఉండగా బాలమ్మ చేతికర్రతో నిమ్మకాయను దాని కిందికి తోసింది. చక్రం దాని మీద మెత్తగా దిగింది. నా ఉద్యోగమంతటిలో అంత మంచి ల్యాండింగ్ చూడలేదు.

బండి నడవలేదు కదా, చెల్లుతుందా అని ఎవరో సందేహపడ్డారు. "నిమ్మకాయ నలిగింది గద. చక్రం మీదికెల్లి వచ్చిందా, ముంగటికెల్లి వచ్చిందా అని శాస్త్రం అడగది" అని పంతులు తేల్చేశాడు. స్టాండు మళ్ళీ బిగించేదాకా నేనెవర్నీ కదలనివ్వలేదు.

బరువు లెక్క కట్టేటప్పుడు మనుషుల కిలోలతో పాటు వాళ్ళ చుట్టరికాలూ రాసుకోవాలని ఆనాడు నేర్చుకున్నాను. శిక్షణలో ఇది చెప్పరు.

బాలమ్మ మోకాళ్ళు పట్టుకుని ముక్కు దగ్గర వేసిన మెట్లన్నీ ఎక్కి, ముక్కులో కూర్చుని, మొదటి ముద్ద తింది. యాదగిరి అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు వంకా, కిందనున్న తన పొలం వంకా చూసి, నా వైపు తిరిగింది.

"ఇంజనీరు సారూ, ఎగరని దానికి గిన్ని మెట్లు ఎందుకెక్కాలె?"