తొమ్మిది అని రిపోర్ట్ ఇచ్చాను

ఉదయం ఆరు నలభైకి రిపోర్ట్ అయ్యాను. సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి, రెండో అంతస్తు, గుండె రోగుల వ్యాయామశాల. లిఫ్ట్‌లోనే రావాలని ఆర్డర్. బయట సన్నటి వాన. కిట్: కాన్వాస్ బూట్లు, తువ్వాలు, నీళ్ల సీసా, ఛాతీకి అంటించిన వైర్లు. పోస్టింగ్ పన్నెండు వారాలు. సోమ, బుధ, శుక్రవారాలు. ఇరవై ఆరేళ్ల ఫౌజు నౌకరీలో నడక నేర్చుకోమని నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు. ఒళ్లు మండింది.

లక్ష్యం: సైనిక్‌పురిలో మా ఇంటి ఇరవై రెండు మెట్లు. మేముండేది పై అంతస్తులో. గుండెపోటు తర్వాత డాక్టరు మెట్లు వద్దన్నాడు. కింది గదిలో పడుకునేవాణ్ణి. మా ఆవిడ సరోజ రెండు పూటలా క్యారియర్ దించేది. నా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను.

పక్క ట్రెడ్‌మిల్ మీద మల్కాజ్‌గిరి నుంచి వచ్చే రిటైర్డ్ లెక్కల టీచరమ్మ. నడుస్తూ పదిహేడో ఎక్కం చదివేది. మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించడం ఆవిడ పద్ధతి. నాకు నవ్వొచ్చేది.

ఫిజియో అమ్మాయి ఐదు నిమిషాలకోసారి గోడమీది పట్టిక చూపించేది. ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు. తొమ్మిది అంటే చాలా తేలిక, పదమూడు అంటే కొంచెం కష్టం.

“ఎంత అంకుల్?”

“తొమ్మిది.”

ప్రతిసారీ తొమ్మిదే. మంచుకొండల పోస్టులో ఆయాసం అన్నవాణ్ణి కిందికి పంపేసేవాళ్లం. ఇక్కడా అంతే అనుకున్నాను. పదమూడు అంటే మెట్లు పోయినట్టే. పైగా నా నాడి తొంభై ఆరు దాటేది కాదు. దానికి మురిసిపోయేవాణ్ణి.

మూడో వారం, బుధవారం, ఏడు పది.

“హవల్దారు గారూ, నాతోపాటు చెప్పండి చూద్దాం,” అంది టీచరమ్మ.

“పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు. పదిహేడు మూళ్లు...”

యాభై ఒకటి బయటికి రాలేదు. పక్క కడ్డీ పట్టుకుని వేలాడాను. ఆవిడ తన మిషన్ ఆపి, చెయ్యి చాపి నా ఎర్ర బటన్ నొక్కింది.

“ఏవండీ, మీ పటాలంలో తప్పుడు రిపోర్టు ఇస్తే ఊరుకుంటారా?”

ఫిజియో కుర్చీ తెచ్చింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

“మాకు కావాల్సిందే పదమూడు అంకుల్! మీరు తొమ్మిది తొమ్మిది అంటుంటే నేను స్పీడ్ పెంచుకుంట పోయిన. పల్స్‌ని నమ్మకండి, మీరేసుకునే గుండె గోలీ దాన్ని పెరగనియ్యదు. కాళ్లు అడిగినంత రక్తం గుండె పంపలేకపోతే దమ్ము గిట్లనే వస్తది.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయాసం దాచిన జవాన్లను నోటికొచ్చినట్టు తిట్టి కొండ దింపింది నేనే.

ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదమూడు. ఓసారి పదిహేను. వేగం తగ్గించారు, మెల్లగా పెంచారు. పన్నెండో వారానికి ఎక్కం పదిహేడు పదులదాకా వచ్చింది. డాక్టరు మెట్లకు అనుమతి రాశాడు, మధ్యలో ఆగాలని షరతు పెట్టి.

ఆ శుక్రవారం పదకొండున్నరకు ఎక్కడం మొదలుపెట్టాను. సరోజ పైన నిలబడింది. పదకొండో మెట్టు దగ్గర మలుపు. కింది నుంచి కనబడదు. అక్కడ ప్లాస్టిక్ స్టూల్ ఉంది.

“ఇదెప్పుడు పెట్టినవ్?”

“మీరు దవాఖాన నుంచి వచ్చిన దినమే. మీరైతే అడగరు కద.”

“ఆయాసంగ ఉంది సరోజా,” అన్నాను. కూర్చున్నాను.

ఇప్పుడా స్టూల్ అవసరం తగ్గింది. కానీ నేను కళ్లారా చూడని దృశ్యమే రోజూ కళ్లముందుకొస్తుంది. ఒక చేతిలో క్యారియర్, ఇంకో చెయ్యి గోడకు ఆనించి, ఆ ఇరుకు మలుపులో ఖాళీ స్టూల్‌ను తప్పుకుంటూ, మూడు నెలలు, పూటపూటా కిందికి దిగిన సరోజ.