డేవిడ్ అంకుల్ వాయించని పాట

ఎవరైనా డేవిడ్ అంకుల్ ఆల్బమ్ బాగుందంటే నేను మాట మారుస్తాను. ఏళ్ళుగా ఇంతే. ఎందుకో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

బెల్‌ఫాస్ట్‌లో మా చిన్న జాజ్ బృందానికి పెద్దదిక్కు డేవిడ్ అంకుల్. ఒంగోలు దగ్గర మిషన్ బ్యాండులో చిన్నప్పుడే కార్నెట్ పట్టారు. ట్రంపెట్ కంటే పొట్టిది, గొంతు కాస్త మెత్తన. ఇక్కడ నర్సుగా రిటైరయ్యాక తన పేరు మీద ఒక్క ఆల్బమ్ రావాలని ఆశపడ్డారు. నేను పియానో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, రికార్డింగ్, మిక్సింగ్ కూడా నాకే అప్పజెప్పారు.

అందులో ఒక నిదానమైన పాట, చనిపోయిన ఆంటీ కోసం ఆయనే కట్టింది. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక ఆయన పెదవి పట్టు తగ్గింది. పై స్వరాలకు వెళ్ళేచోట శబ్దం చీలింది. మళ్ళీ వాయించారు. మళ్ళీ చీలింది. పర్లేదమ్మా, అదే ఉంచెయ్ అన్నారు.

నేను ఉంచలేదు. ఇంగ్లండ్‌లో స్టీవెనేజ్ అనే ఊళ్ళో ఉన్న ఒక కార్నెట్ వాద్యకారుడికి ఏదో శాంపిల్ కోసమని చెప్పి, ఆ భాగం వాయించి పంపమన్నాను. అతుకు తెలియకుండా కలిపాను. అంకుల్ వాయించింది చెరిపేశాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయన పరువేనా? ఆల్బమ్ మీద నా పేరూ ఉందని భయపడ్డానా?

విన్నాక ఆ పాట మళ్ళీ పెట్టమన్నారు.

"ఇది నేనే వాయించానామ్మా?"

"మీరే అంకుల్."

"మీ ఆంటీ వినుంటే బాగుండేది."

అప్పుడే చెప్పుంటే? కోప్పడేవారు. అంతకంటే ఏమయ్యేది?

ఆల్బమ్ విడుదల చర్చి హాల్లో పెట్టుకున్నాం. అందరూ ఆ పాటే అడిగారు. రికార్డులో ఉన్నట్టే రావాలని ఆయన రోజూ సాధన చేశారని వాళ్ళమ్మాయి తర్వాత చెప్పింది. పై స్వరాల దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. ఆపేసి, అందరికీ సారీ చెప్పి కూర్చున్నారు. నేను తలెత్తకుండా పియానో వాయిస్తూనే ఉన్నాను.

ఇంటికి దింపుతుంటే కార్లో అన్నారు, మొన్న వచ్చింది ఇవాళ రాలేదంటే నా పని అయిపోయినట్టేనమ్మా అని. అది మొన్న కూడా రాలేదని, రాకపోయినా వినసొంపుగానే ఉండిందని చెప్పాల్సింది నేనొక్కదాన్నే. వైపర్ల వంక చూస్తూ నడిపాను. ఆయన మళ్ళీ కార్నెట్ ముట్టుకోలేదు.

కిందటి చలికాలంలో పోయారు. అంత్యక్రియల్లో వాళ్ళమ్మాయి ఆ పాటే పెట్టింది. నా భుజం మీద తల ఆనించి, అది మా డాడీ అని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చేత్తోనే కదా చెరిపేశాను. చీలిన ఆ స్వరం ఇప్పుడు ఎక్కడా లేదు, వెతికినా దొరకదు.

ఆ అమ్మాయికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడమూ సరికాదు, మీరు పోగొట్టుకున్నదేమీ లేదు.

ఆ పాట వాయించింది డేవిడ్ అంకుల్ కాదు. ఇన్నాళ్ళకు ఆ మాట నాలోనే కాక, బయట ఒక్కచోటైనా ఉంది.