బుడగల తుపాకి కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ దాకా

మా బామ్మర్ది యాదగిరి జాతరల్లో బుడగల తుపాకి దుకాణం నడుపుతాడు. చెక్కకు రంగురంగుల బుడగలు కట్టి, ఎయిర్‌గన్ చేతికిచ్చి, కొట్టినవాళ్లకు బహుమతి అంటాడు. రెండు తుపాకులుండేవి. ఎండాకాలంలో ఒకదాని స్ప్రింగు విరిగింది. ఒక్క తుపాకితో వరస కదలదు. వరస కదలకపోతే జనమే పక్క దుకాణానికి కదులుతారు. అసలే ఈ ఏడాది జాతరల్లో జనం చూసినంత ఖర్చు చేయడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పాత తుపాకుల మేళా జరుగుతోందని ఎవరో చెప్పారు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి హాళ్లవాళ్లు ఎవరికైనా కిరాయికిస్తారు. యాదగిరి మిగిలిన తుపాకిని గోనెసంచిలో చుట్టుకున్నాడు. దానికి జత దొరికితే కొనాలి. దొరక్కపోతే దాన్నీ అక్కడే అమ్మేసి, ఎల్‌బీ నగర్‌లో ఒక గోదాములో పనికి చేరాలి. సోమవారం నుంచి వస్తానని గోదామువాళ్లకు చెప్పేశాడు కూడా.

అతనికి తోడుగా నన్ను మా ఆవిడ పంపింది. నా తెలివి చూసి కాదు, కళ్లజోడు చూసి. కళ్లజోడు, తెల్లచొక్కా పక్కనుంటే పోలీసులు ఎక్కువ అడగరని ఆమె లెక్క. నేను చిట్యాలలో జిరాక్స్ షాపు నడుపుతాను. ఒరిజినల్ పనులేవీ నాకు అలవాటు లేవు.

ఆదివారం ఉదయం ఏడింటికి చిట్యాలలో బస్సెక్కాం. కండక్టరమ్మ సంచి వైపు చూసింది.

"ఏందన్నా అది, గంత పొడుగున్నది?"

"కర్టెన్ రాడ్లమ్మా" అన్నాను.

"రెండు రాడ్లకు ఇద్దరు మనుషులా?" అని లగేజీ టికెట్ కొట్టింది. ఎల్‌బీ నగర్ దాకా ఆమె చూపు సంచి మీదే ఉంది. సంచి మీద చెయ్యి తీయకుండా యాదగిరీ, యాదగిరి మీద కన్ను తీయకుండా నేనూ కూర్చున్నాం.

ఎనిమిదిన్నరకు దిగి, రోడ్డు పక్క బండి దగ్గర తలా ఒక ప్లేటు ఇడ్లీ తిని, మెట్రో స్టేషన్ ఎక్కాం. ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట. తుపాకితో మెట్రో ఎక్కాలని చూడకండి. సంచి తనిఖీ దగ్గరే మమ్మల్ని వెనక్కి పంపారు. ఎయిర్‌గనే అని నా కళ్లజోడు ఎంత చెప్పినా వినలేదు. మా వెనకే పాత చీరలో చుట్టిన పొడుగాటి మూటతో మరో మనిషిని కూడా వెనక్కి పంపారు. యాభై దాటిన మనిషి, నున్నగా దువ్విన జుట్టు. మేం మెట్లు దిగితే అతనూ దిగాడు. మేం ఆగితే అతనూ ఆగాడు.

"బావా, గాయన మన సంచి దిక్కే చూస్తుండు" అన్నాడు యాదగిరి.

"మనం ఆయన మూట దిక్కు చూస్తలేమా?"

"మనం చూస్తే వేరే. మనం మంచోళ్లం."

షేర్ ఆటో ఎక్కితే ఆ మనిషి కూడా వచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. సంచీ మూటా మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని ముగ్గురం మూడు పక్కలకు చూశాం. కొత్తపేట దాటుతుంటే ఉండబట్టలేక అతనే నోరు విప్పాడు.

"ఏవండీ, మీరూ మేళాకేనా?"

"ఏ మేళా?" అన్నాడు యాదగిరి.

"అదేనండీ, మీ సంచిలో ఉన్నదాని మేళా."

పేరు సత్యమని చెప్పాడు. మా మొదటి అనుమానం ఆ పేరు మీదే. ఏలూరు దగ్గర నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడట. ఎగ్జిబిషన్లలో అతనిదీ బుడగల దుకాణమే. ఇప్పుడది మూసేసి, భార్యతో కలిసి కొత్తపేటలో టిఫిన్ బండి పెట్టాడు. "బుడగ కొట్టకపోయినా బతుకుతారండీ, దోసె తినకపోతే ఉండలేరు" అన్నాడు. యాదగిరి నా చెవిలో, "మంచిగ నడిచే దుకాణం ఎవడన్న బంజేస్తడా?" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో ఉంది హాలు. పదవుతోంది. లోపలికి టికెట్ మనిషికి ఇరవై. పెళ్లి వేదిక మీద వధూవరుల సింహాసనాలు తీయలేదు. వాటిలో రెండు తుపాకులు పక్కపక్కనే ఒరిగి కూర్చున్నాయి. కింద బల్లల నిండా కూడా ఎయిర్‌గన్లే. భోజనాల గదిలో ఇసుక మూటల ముందు చెక్క నిలబెట్టి, కాల్చి చూసుకోవడానికి బుడగలు కట్టారు. కాసేపు తిరిగేసరికి విషయం అర్థమైంది. వచ్చిన అందరూ అమ్మడానికే వచ్చారు. ఒకడి బల్ల దగ్గర మరొకడు నిలబడితే కొనేవాడనుకుని ఇతనూ, కొంటాడేమోనని అతనూ మురిసి, చివరికి ఇద్దరూ తమ తమ ధరలు చెప్పుకుని విడిపోతున్నారు.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. నాకు అక్కడే తెలిసింది. గొట్టం కొసన గురి చూసుకోవడానికి చిన్న ముల్లుంటుంది. దుకాణందార్లు దాన్ని కొద్దిగా వంచుతారు. నేరుగా గురిపెట్టినవాడి గుండు పక్కకు పోతుంది, బహుమతి మిగులుతుంది. కాబట్టి కొనేవాడు ధర కంటే ముందు "ముల్లు ఎటు?" అని అడుగుతాడు. అమ్మేవాడు కుడికనో ఎడమకనో చెవిలో చెబుతాడు. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాలట. అక్కడ అబద్ధమాడితే ఇక అతని దగ్గర ఎవరూ కొనరట.

యాదగిరి నాలుగైదు బల్లలు చూశాడు. ఒకదాని చెక్క పిడి పగిలింది. ఒకటి గొట్టం వదులు. మరొకటి బాగానే ఉంది కానీ, అమ్మేవాడు కుడికి అన్నాడు, అతని తమ్ముడు ఎడమకన్నాడు. తిరిగి తిరిగి సత్యం ముందుకొచ్చాం. చీర విప్పితే తుపాకి నిగనిగలాడుతోంది.

"ముల్లు ఎటు?" అన్నాడు యాదగిరి.

"ఎటూ లేదండి. సూటిగా ఉంది."

"గట్లెట్లుంటది? దుకాణం నడిపినవు గద?"

"నడిపానండీ. అందుకే మూసేశాను."

యాదగిరి తుపాకి తీసుకుని భోజనాల గదికి నడిచాడు, వెనకే సత్యం, నేనూ. మొదటి గుండు పసుపు బుడగకు జానెడు పక్కన దిగింది. రెండోది మరో పక్కన. మూడోది చెక్కకే తగల్లేదు.

"ఇది వంకరనే. ఎటు వంకరనో కూడ సమజైతలేదు" అని తిరిగిచ్చేశాడు.

సత్యం ముఖం వాడిపోయింది. "పొద్దున్నుంచీ మీరు నాలుగోవారండీ. అందరూ ఇదే మాట." ఎవరూ అడగకుండానే ధర తగ్గించాడు. యాదగిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా తగ్గించాడు. యాదగిరి ఇంకో అడుగు వేసి నన్ను తొక్కాడు. మనిషి మీద గురి కుదరనివాడికి బుడగ మీద ఏం కుదురుతుంది?

"పోదాం బావా. మనదే అమ్మేద్దాం" అన్నాడు. ఇంట్లోంచి తెచ్చిన తుపాకిని సంచిలోంచి తీసి అక్కడి భోజనాల బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు.

నేను తుపాకి ఎప్పుడూ పట్టలేదు. ఇంత దూరం వచ్చి కర్టెన్ రాడ్డు మోసినట్టే తిరిగిపోవడం ఎందుకని, సత్యాన్ని అడిగి అతని తుపాకిలో ఒక్క గుండు వేయించుకున్నాను. కళ్లజోడు సర్దుకుని, ముల్లును పసుపు బుడగ మీద పెట్టి, భయంతో కళ్లు మూసుకుని నొక్కాను. బుడగ పగిలింది. నాకంటే ఎక్కువ సత్యం ఉలిక్కిపడ్డాడు.

"బావా, నువ్వు ఆయన దిక్కు కలిసినవా?" అన్నాడు యాదగిరి.

"ఇంకోటి కొట్టుమంటవా?"

రెండోదీ పగిలింది. యాదగిరి తుపాకి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నేను ఎడమకు వంగిందనుకొని ఒకటి కొట్టిన. కుడికి వంగిందనుకొని ఒకటి కొట్టిన. మూడోది ఎటో నాకే తెల్వకుండ కొట్టిన. సీదా మాత్రం కొట్టలే." ఈసారి నేరుగా పెట్టి కాల్చాడు. ఎర్ర బుడగ పోయింది.

ఇంట్లోంచి తెచ్చిన తుపాకి మళ్లీ సంచిలోకి వెళ్లింది, సత్యం తుపాకి దాని పక్కకు చేరింది. సత్యం మమ్మల్ని తన బండికి తీసుకెళ్లి దోసెలు పెట్టించాడు. వాళ్లావిడ, "కొన్నారా! నిజంగానే?" అని రెండుసార్లు అడిగింది. గోదామువాళ్లకు ఫోన్ చేసి యాదగిరి రానని చెప్పేశాడు.

సాయంత్రం ఐదింటికి ఎల్‌బీ నగర్‌లో తిరుగు బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చోగానే యాదగిరి జేబులోంచి స్క్రూడ్రైవర్, చిన్న పట్టకారు తీశాడు. సంచిలోకి చెయ్యి పెట్టి కొత్త తుపాకి ముల్లును పట్టుకుని, ఆగిపోయాడు.

"బావా, దీన్ని వంచే పనే లేదు."

"ఎందుకు?"

"జాతరకొచ్చే ప్రతోడికీ ఎర్కే, మన తుపాకులు వంకర అని. ఆళ్లే పక్కకు కొట్టుకుంటరు."

"ముల్లు ఎటు అని అడిగితే?"

"సీదా ఉన్నదని నిజమే చెప్త. ఎవడు నమ్ముతడు?"

"చిన్నపిల్లలు నమ్ముతరు. నా లెక్క సీదా కొడ్తరు."

యాదగిరి పట్టకారు జేబులో పెట్టేసుకున్నాడు. "కొట్టనీ బావా. బుడగలు గాళ్లకోసమే గద."

బస్సు కదిలింది. పొద్దుటి నుంచీ ఇంతమందిని అనుమానించి నేను పట్టుకున్న దొంగ ఒక్కడూ లేడు. కండక్టరమ్మ వచ్చింది. పొద్దున మమ్మల్ని తెచ్చిన ఆమే.

"అరే, కర్టెన్ రాడ్లోళ్లు. మళ్ల ఏం తెచ్చిన్రు? సంచి పెరిగింది."

ఇక అబద్ధానికి ఓపిక లేక, "తుపాకులమ్మా, రెండు" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "తుపాకులంట, ముఖం చూడు" అంటూ లగేజీ టికెట్ కూడా కొట్టకుండా ముందుకు పోయింది.