ఫుట్‌వాల్వు ఆదినారాయణప్ప

మంగళవాడ చుట్టుపక్కల ఏ బావిలో మోటారు మొరాయించినా ఒకప్పుడు అందరి నోటా ఒకటే పేరు, ఫుట్‌వాల్వు ఆదినారాయణప్ప. వచ్చీ రాగానే స్పానర్లు తీసే రకం కాదు. గట్టున కూర్చుని పైపుకు చెవి ఆనించేవాడు. నీళ్ళను పైకి పోనిచ్చి కిందికి జారనివ్వకుండా పైపు అడుగున ఒక రెప్ప ఉంటుంది, అదే ఫుట్‌వాల్వు. అది సరిగా పడుతోందో లేదో చప్పుడును బట్టి చెప్పేసేవాడు. "రెప్ప పట్టేసిండాది. పైనుంచి నాలుగు బిందెలు పొయ్యండప్పా" అనేవాడు. పోస్తే మోటారు అందుకునేది.

ఆ బావులన్నీ ఎండి ఏళ్ళయింది. అరవై దాటిన ఆ మనిషి ఇప్పుడు రోజూ వ్యానెక్కి సోలార్ పార్కుకు పోయి, ట్యాంకరు నీళ్ళతో ప్యానెళ్ళు కడుగుతున్నాడు. చెనక్కాయ పైరుకు దొరకని నీళ్ళు అద్దాలకు పోస్తారా అని మొదట్లో తిట్టుకునేవాడు. ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు. నడుము పట్టేసి, తడిసిన చొక్కాతో సాయంత్రం ఇల్లు చేరితే, అక్కడ ఆయనకంటే అలసిపోయి భార్య ఓబక్క కనబడేది.

ఓబక్కకు వాకిలి ఊడ్చినా ఆయాసమే. పడుకుంటే ఊపిరాడదని గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. కాళ్ళు వాచాయి. పావగడలో డాక్టరు తనుశ్రీ పరీక్షలు చేయించి, గుండెలో వాల్వు పాడైందని తేల్చింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం చేసిన నిర్వాకం అది. మందులు రాసి, పై నెల పన్నెండుకు బెంగళూరులో ఆపరేషను ఖాయం చేయించింది. "అంతవరకు నీళ్ళు, టీ, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు ఒక లీటరే" అని మరీ మరీ చెప్పింది.

వాల్వు అన్న మాట వినగానే మన ఆదినారాయణప్పకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకు తనకు తెలిసిన రోగం! ఇక మిగతాదేదీ చెవికెక్కలేదు.

"లీటరేందిమే? నీళ్ళు తగ్గితే ఏ పంపైనా కాలిపోతాది" అన్నాడు ఇంటికి రాగానే.

"డాక్టరమ్మ వద్దనింది కదప్పా" అంది ఓబక్క.

"ఆయమ్మ ఎన్ని బావులు దిగిందంట?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పనికి సెలవు పెట్టి మరీ, గంటకో చెంబు దగ్గరుండి తాగించాడు. మండే ఎండలు, ఆమెకూ దాహమే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడు చెంబు తెచ్చి చేతికిస్తే ఎలా కాదంటుంది పాపం! నాలుగో రోజు పొద్దున నురగ దగ్గు మొదలైంది, పెదవులు నీలంగా మారాయి. పక్కింటి గోపికృష్ణ ఆటోలో వేసుకుని పావగడకు పరుగు తీశాడు.

ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు పొడిచారు. మధ్యాహ్నానికి ఆమె తెప్పరిల్లింది. నీళ్ళ సంగతి విన్న తనుశ్రీ ఆయనను కోప్పడలేదు. స్టెతస్కోపు ఆయన చెవులకు తగిలించి, రెండో కొస ఓబక్క గుండెమీద ఆనించింది.

"వినండి. గుండెకు పైన రెండు గదులు, కింద రెండు. ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తాన్ని కుడివైపు గదులు ఊపిరితిత్తులకు పంపుతాయి. అక్కడ గాలి నింపుకుని ఎడమ పైగదికి చేరుతుంది, దాన్నుంచి కింది గదికి. కింది గదులు పిండగానే, రక్తం వెనక్కి పోకుండా నడిమి వాల్వులు మూసుకుంటాయి. అదే మొదటి చప్పుడు. రక్తం బయటికి పోయాక ఆ దారుల్లోని వాల్వులు మూసుకుంటాయి, అది రెండోది. వెంటనే నడిమి వాల్వులు తెరుచుకుని కింది గదులు మళ్ళీ నిండాలి. ఈవిడకు ఎడమవైపు నడిమి వాల్వు సరిగా తెరుచుకోదు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. లబ్. డబ్. రెండో చప్పుడు తరువాత సన్నటి గుడగుడ. ఇరుకు సందులోంచి ఏదో తోసుకుని పోతున్నట్టుంది. నలభై ఏళ్ళు పైపులు విన్న చెవికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"ముందుకు దావ లేక ఎనకే నిలిచిపోతాండాది" అన్నాడు మెల్లగా. "ఎనక ఏముండాది మేడమ్?"

"ఊపిరితిత్తులు."

"అంటే నేను పోసిన నీళ్ళు..."

"అక్కడే చేరాయి."

ఆయన స్టెతస్కోపు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. "నా చేత్తో నేనే ముంచినాను తల్లీ" అంటూ మంచం పక్కన కూలబడి, పదిమందీ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

ఓబక్క ఇల్లు చేరాక ఆయన ఒక లీటరు సీసా తెచ్చి, దానిమీద మేకుతో పూటపూటకూ గీతలు గీశాడు. మళ్ళీ వ్యానెక్కాడు. ఆ సాయంత్రం వచ్చేసరికి సీసా ఖాళీ.

"ఒక్క గుక్కప్పా. నాలుక పిడచగట్టుకపోయిండాది" అంది ఓబక్క.

ఎంతమంది చేలకు నీళ్ళు ఎక్కించాడో ఆయనకే లెక్క లేదు. నీళ్ళడిగిన వాళ్ళకు లేదని చెప్పి ఎరగడు.

"లేదుమే" అన్నాడు.

ఆమె ప్యానెళ్ళ నీళ్ళకు తడిసిన ఆయన చొక్కా చేతిని దగ్గరికి లాక్కుని, చెంపకు ఆనించుకుంది. ఆయన అలాగే కూర్చున్నాడు. పై నెల పన్నెండుకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.