నానమ్మ సున్నపుకాయ

మా చిన్నప్పుడు ఇంటికి ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లు ముందు వంటింటి వైపు చూసేవాళ్లు... ఏం వాసన వస్తోందా అని. దేవుడు ఆ తర్వాతే.

ఇప్పటికీ మిరపకాయ బజ్జీల బండి కనిపిస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. ఊరికే కాదు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాచారంలో రేకుల ఇల్లు మాది. నాన్న దగ్గర్లోని ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు కుడిచెయ్యి ఆ మిషన్ కింద పడి నలిగిపోయింది. దవాఖానా నుంచి ఇంటికైతే వచ్చాడు గానీ వేళ్లు ముడుచుకోవు, చాచుకోవు. పని పోయింది. నాన్న చెయ్యి కోసం ప్రార్థన చేయండని అమ్మ చర్చిలో అడిగింది.

నానమ్మ కూడా మాతోనే ఉండేది... నాన్నవాళ్లమ్మ, జనగామ వైపు మనిషి. ఆమె మొక్కులు ఆమెవి, అమ్మ ప్రార్థనలు అమ్మవి. ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండేవాళ్లు. గొడవంతా ఒక్క ఆకువక్క దగ్గరే. నానమ్మ నమిలి గోడ వారన ఉమ్మేది, అమ్మ తిట్టేది. అందుకని నానమ్మ తన సున్నపుకాయను... అదే, ఆకుకు రాసుకునే సున్నం పెట్టుకునే చిన్న ఇత్తడి డబ్బీని... పాత చీరపేలికలో చుట్టి పరుపు కింద దాచుకునేది. అది అక్కడుందని అమ్మకు తెలుసు. తెలియనట్టు ఉండేది, పాపం.

పాస్టరుగారు బోడుప్పల్ నుంచి ఒక పెద్దమనిషిని పంపారు. ఇళ్లలో దాగున్న శాపాలను కనిపెట్టే వరం ఉందట ఆయనకు. అందరూ 'ప్రార్థన అంకుల్' అనేవాళ్లు. వెంట ఇద్దరు ఆంటీలు.

వచ్చారు, కూర్చున్నారు, బజ్జీలు తిన్నారు. ఇంకో ప్లేటు అడిగి మరీ తిన్నారు. అంకుల్ నూనె చేతులు నాన్న కప్పుకున్న దుప్పటికే తుడుచుకుని, అదే చెయ్యి నాన్న తల మీద పెట్టి కేకలు మొదలుపెట్టాడు. నాన్న నుదుటి మీద బజ్జీ తునక అంటుకుంది. కళ్లు మూసుకుని భరించాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద జెర్రులు పాకినట్టు ఉంటుంది నాకు.

తర్వాత వెతుకులాట. బియ్యం డబ్బా, దిండు గలీబులు, అమ్మ చీరల మడతలు... సిగ్గు లేకుండా అన్నీ తిరగేశారు. చివరికి నానమ్మ పరుపు ఎత్తారు. పేలిక దొరికింది. విప్పితే ఇత్తడి డబ్బీ, లోపల తెల్లటి ముద్ద.

"సూసిన్రా, చేతబడి మందు. ఎవలదిది?" అన్నాడు అంకుల్.

"నాదే బిడ్డా. సున్నం," అంది నానమ్మ.

"సున్నమైతే దాసిపెట్టుడెందుకు?"

నానమ్మ అమ్మ వైపు చూసి తల దించుకుంది. కోడలు తిడుతుందని దాచానని పరాయివాళ్ల ముందు చెప్పి అమ్మను తక్కువ చేస్తుందా?

అంతే, ఆయనకు అది చాలు. "కన్నతల్లే కొడుకు మీద జేయించింది. ఈమె ఈ ఇంట్ల ఉన్నన్ని దినాలు చెయ్యి రాదు. ఊరికి పంపియ్యి సిస్టర్, అప్పుడు జూడు దేవుని పని," అన్నాడు.

ఆ చెయ్యి కోసం అమ్మ ఎన్ని పూటలు పస్తులుందో నేను చూశాను. సరేనంటుందేమోనని భయపడ్డాను... నానమ్మ అప్పటికే తన చీరలు మూట కడుతోంది.

"నా కొడుకు చెయ్యి వస్తదంటే పోత తియ్యి," అంది.

అమ్మ అంకుల్ చేతిలోంచి డబ్బీ లాక్కుంది. వేలు నిండా సున్నం తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"మందైతే నాకే తగలనియ్యి. అత్తమ్మ యాడికి పోదు. సున్నం డబ్బీకి భయపడేటోడైతే ఆ దేవుణ్ణి నేనెందుకు నమ్మాలె?" అంది.

"నీకు విశ్వాసం లేదు సిస్టర్. ఇగ ఆ చెయ్యి రాదు."

"రాకుంటే రాకపాయె. ఇంకో చెయ్యి ఉంది గద. దాంతోనే నడిపిస్తడు మా దేవుడు."

వాళ్లు లేచిపోయారు. పోతూ పోతూ ఒక ఆంటీ మిగిలిన బజ్జీలు కవర్లో వేసుకుంది. ఛీ... మనుషులేనా?

అమ్మ నాలుక పొక్కింది. నానమ్మ మూట విప్పేసి, వేలితో నెయ్యి రాస్తూ, "పిస్సదానివా ఏంది? గంత సున్నం ఎవలన్న నోట్లె పెట్టుకుంటరా?" అని ఒకటే తిట్లు. తిడుతూనే ఏడ్చింది.

ఆ ఆదివారం అమ్మ మానకుండా చర్చికి వెళ్లింది. అంకుల్ మాటలు అప్పటికే అక్కడ పాకాయి, చాప మీద ఆమె పక్కనున్న ఆడవాళ్లంతా లేచి అటు జరిగారు. ఎన్నడూ చర్చి గడప తొక్కని నానమ్మ, ఆ రోజు అమ్మ వెంట గేటు దాకా వచ్చి, అక్కడి నుంచి అది చూసి, లోపలికి వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది... నోట్లో ఆకువక్కతోనే. ప్రార్థన అయ్యేదాకా కదల్లేదు.

నాన్న తర్వాత ఉప్పల్‌లో ఒక గోదాముకు వాచ్‌మన్‌గా చేరాడు. ఎడమచేత్తోనే గేటు తీస్తూ వేస్తూ నన్ను చదివించాడు.

మొన్న ఎవరో మా ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టారు. అదే అంకుల్... జుట్టుకు నల్లరంగు, వెనక మెరుపు తెర. 'మీ ఇంట్లో ఈ వస్తువు దాగి ఉందా?' అని అడుగుతున్నాడు. కింద వరసగా ఆమెన్‌లు. నాకు రోత పుట్టింది. అమ్మ కాసేపు చూసి ఫోన్ నా చేతికిచ్చి, "ఇంకా బజ్జీలు తింటుండా?" అంది.

ఇప్పుడు ఇళ్లలో సున్నపుకాయలు లేవు, ఆకువక్క నమిలే నానమ్మలూ లేరు... పరుపులెత్తి చూసేవాళ్లు మాత్రం ఫోన్లోంచి వచ్చేస్తున్నారు. మీ ఇంట్లో ఎవరి పరుపు ఎత్తారు? ఎవరు అడ్డం నిలబడ్డారు? కింద రాయండి, చదువుతాను.

నాన్న చెయ్యి చివరిదాకా బాగుపడలేదు. నానమ్మ మాత్రం చివరిదాకా మా ఇంట్లోనే ఉంది... పోయేటప్పుడు తల అమ్మ ఒళ్లోనే.