అరవై మూడో నామం దగ్గర ఆగిన గొంతు

కొబ్బరికాయ కొట్టింది నేనే. ముందే చెప్పేస్తే గుండె బరువు దిగుతుంది. ఇన్నేళ్లూ అడిగినవాళ్లందరికీ "కరెంటు ఎక్కువతక్కువై పోయింది" అని కోతలు కోస్తూ వచ్చాను. పాపం, కరెంటుకి ఏ పాపమూ తెలీదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది దసరా అది. శ్రీకాకుళంలో మా ఇల్లు. తాతల కాలం నుంచి గుళ్లో పాట పాడుకున్న కుటుంబం కాబట్టి, ఆయుధపూజ అంటే మా ఇంట్లో కత్తులూ కటార్లూ ఉండవు. తంబురా, హార్మోనియం, తాళాలు పీట మీదికెక్కుతాయి. ఆ పీట పక్కనే అప్ప కంప్యూటరు. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆ కంప్యూటరే ఆమెకి పుస్తకం, పెన్ను, పలక. తెర మీద ఉన్నదంతా అది తెలుగులో పైకి చదివి వినిపిస్తుంది, ఆమె టైపు చేసిన ప్రతి మాటనీ తిరిగి చెబుతుంది.

ఆ ఏడు పూజలో మంత్రాలు చదివింది కూడా అదే. సరస్వతీదేవి నూటెనిమిది నామాలూ అప్ప ముందే టైపు చేసి పెట్టింది. కంప్యూటరు ఒక్కో నామం చదువుతోంది, అప్ప ఒక్కో పువ్వు వేస్తోంది, అమ్మ దీపం చూసుకుంటోంది. నేను కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి, మహా తెలిసినవాణ్ణి కదా, లోపల గాలి ఆడాలని కంప్యూటరు పెట్టె పక్కరేకు ఎప్పుడూ ఊడదీసే ఉంచేవాణ్ణి. గుమ్మం దగ్గర రాయి దాకా నడవడానికి బద్ధకించి, రాయినే తెచ్చి పెట్టె పక్కన వేసుకుని, ఊపుగా ఒక్కటిచ్చాను. కాయ పగిలింది. నీళ్లు ఎగిరి సరాసరి పెట్టెలో పడ్డాయి. 'చిటుక్' మని ఒక చిన్న శబ్దం, గొంతు ఆగిపోయింది.

అప్ప చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది.

"అరవై మూడు," అంది. "ఒరే, అరవై మూడో నామం కాడ ఆగిపోనాది. ఏటి సేసినావురా?"

తప్పు చేసినప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. "పాత డొక్కు కదా, పోయుంటాది," అని కసిరాను. అప్ప ముక్కుతో ఒకసారి గాలి పీల్చి, "కొబ్బరి నీళ్ల వాసనొస్తన్నాది," అంది.

ఆరబెట్టి, విప్పి చూశాను. బోర్డు పోయింది, మాట పలికించే సౌండు కార్డు పోయింది. డిస్కు మాత్రం బతికింది. అప్ప రాసుకున్నదంతా ఆ డిస్కులోనే ఉంది. పొందూరులో నూలు వడికే ఆడవాళ్ల పాటల మీద ఆమె పరిశోధన చేస్తోంది. నాలుగేళ్లు బస్సెక్కి వెళ్లి, వాళ్ల రాట్నాల పక్కన కూర్చుని, విని, ఇంటికొచ్చి రాసుకున్న నలభై పాటలు, వాటి మీద రెండొందల పేజీలు. సెలవులయ్యాక రెండో సోమవారం ఎచ్చెర్ల యూనివర్సిటీలో అప్పజెప్పాలి. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు, ఇంక పెంచేది లేదని రాసి పంపారు.

"బెంగెట్టుకోకప్పా. రెండ్రోజుల్లో మాటాడిత్తాను," అన్నాను. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు.

తెలిసినవాళ్లింట్లో కొత్త కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చి, అప్ప డిస్కు దానికి తగిలించాను. అప్ప కంప్యూటర్ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు అప్పటికే పదేళ్ల పాతది. కొత్త బోర్డుని చూసి మొదట అసలు డిస్కే కనిపించడం లేదని మొండికేసింది. సెట్టింగుల్లోకి పోయి, డిస్కుని పాత పద్ధతిలో చూపించమని మార్చాను. లేచింది. తెర వెలిగింది. నా మీసం కూడా లేచింది. అప్ప హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"ఏటీ ఇనిపించట్లేదురా."

బోర్డు మీద సౌండు చిప్ ఉంది. కానీ ఈ లినక్స్ తయారయ్యేనాటికి ఆ చిప్ ఇంకా పుట్టలేదు. పుట్టని బిడ్డని ఎవరు గుర్తుపడతారు? అన్నీ ఉండీ మా అప్పకి ఏమీ లేనట్టే.

వేరే డిస్కులో కొత్త లినక్స్ ఎక్కించాను. అందులో వేరే గొంతు పలికింది. అప్ప రెండు నిమిషాలు విని హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. పాత గొంతుకి ఆమె ఏళ్ల తరబడి మన మాటలు నేర్పుకుంది, ఏ మాట ఎలా పలకాలో ఒక్కొక్కటీ రాసి పెట్టింది. ఆ గొంతూ ఆ పట్టికా పాత లినక్స్‌లో తప్ప పనిచెయ్యవు. కొత్త గొంతు మన పాటల్ని ఎవరో పరాయి ఊరి ఇన్‌స్పెక్టరు హాజరు పిలిచినట్టు చదువుతోంది.

"పోనీ నేను సదివి ఇనిపిస్తాను. తప్పులుంటే నువ్వు సెప్పు, నేను దిద్దుతాను," అన్నాను.

"నాను సదవని దానికి నాను సంతకం ఎట్టను," అంది అప్ప. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచి తేల్చుకునేవాణ్ణి. "నీ కళ్లతో సదివితే అది నీ పుస్తకమవుద్ది. నలభై పాటలూ నా సెవితో ఇన్నాను. నా సెవితోనే సదువుకోవాల."

ఆ మాటకి ఒళ్లు మండింది. ఇంత చేస్తుంటే నన్ను నమ్మదా అనుకున్నాను. ఆ మంటలోనే ఒక తెలివితక్కువ పని చేశాను. అదేమిటో తర్వాత చెబుతాను, వరసలో వస్తుంది.

మర్నాడు బజారులో షావుకారు కొట్టుకి వెళ్లాను. వాళ్ల తాత ఇత్తడి సామాన్లు అమ్మిన కొట్టు అది. తండ్రి రేడియోలు అమ్మాడు, ఈయన కంప్యూటర్లు అమ్ముతాడు. ముగ్గురిదీ ఒకటే నియమం: వచ్చినవాడికి "లేదు" అని చెప్పకూడదు. అందుకని ఏదీ పారెయ్యరు, అన్నీ అటకెక్కిస్తారు. నన్ను చూడగానే, "ఏటి బావా, కొత్తది కొనేస్తావేటి?" అన్నాడు.

"కాదు బావా, పాత సౌండు కార్డు కావాల."

దుమ్ముపట్టిన డబ్బా ఒకటి తీసి చూపించాడు. చచ్చిపోయిన మా కార్డు డబ్బా మీద ఏ పేరుందో అదే పేరు, అదే బొమ్మ. కొత్త బోర్డులో పాత రకం పొడుగు స్లాటు ఒకటి అదృష్టం కొద్దీ మిగిలి ఉంది. ఎగురుకుంటూ ఇంటికొచ్చి గుచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తీసి భూతద్దం పెట్టి చూస్తే చిప్ మీద నంబరు వేరు. డబ్బా పేరు అలాగే ఉంచి లోపల చిప్ మార్చేశారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ల్యాబులో పిల్లలకి "పేరు చూడకండి, చిప్ చూడండి" అని ఏటేటా చెప్పే మేధావిని, డబ్బా చూసి కొన్నాను.

ఆ రాత్రి కూర్చుని, ఆ పాత లినక్స్ ఏయే సౌండు చిప్పులని ఎరుగునో వాటి నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించాను. పొద్దున్నే బయల్దేరుతుంటే అప్ప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిసంచీలో జాకెట్టుగుడ్డలో చుట్టిన చచ్చిన కార్డు.

"నానూ వస్తాను."

"అక్కడేటి సేస్తావప్పా, అంతా దుమ్ము."

"నీ కళ్లు డబ్బా సూసి మోసపోనాయి కదా. నా సేతుల్ని కూడా ఓసారి సూడనీ."

షావుకారు అటక మీంచి రెండు గోనెసంచులు దింపించాడు. బోర్లిస్తే కార్డులు గుట్టగా పడ్డాయి. నేను ఒకటి తీసి చిప్ వైపు తిప్పాను. నంబరు ఉండవలసిన చోట గట్టిగా ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. ఇంకోటి తీశాను, అదీ అంతే. మరొకటీ అంతే.

"ఏటి బావా ఇది?"

"ఏడాదికోసారి ఆయుధపూజకి అన్నిటికీ బొట్టెడతాం కదా," అన్నాడు షావుకారు గర్వంగా. "సదునుగా ఉండేది ఆ నల్ల బిళ్లొక్కటే. మా ఇంటిది అక్కడే ఎడతాది."

ఎన్ని దసరాల గంధమో! తడిగుడ్డతో తుడవాలి, గోటితో గీకాలి, అప్పుడు నంబరు చదవాలి. గంటసేపు గీకితే పది కార్డులయ్యాయి, ఒక్కటీ నా పుస్తకంలో లేదు. గుట్టలో వందకి తక్కువ లేవు. నాకు తిక్క రేగి, దేవుణ్ణీ షావుకారునీ కలిపి తిట్టబోయాను.

అప్పటికి అప్ప స్టూలు మీద కూర్చుని తన పని మొదలుపెట్టేసింది. ఎడమచేతిలో మా చచ్చిన కార్డు, కుడిచేతిలో గుట్టలోది. వేళ్లు మెల్లగా నడుస్తున్నాయి. హెడ్‌ఫోన్ గుచ్చే కన్నాలు ఎన్నున్నాయి, వాటి పక్కన ఆటల జాయ్‌స్టిక్ తగిలించే వెడల్పాటి కనెక్టరు ఉందా, చిప్ ఎంత పెద్దది, దానికి ఎంత దూరంలో చిన్న రేకుబిళ్ల ఉంది, స్లాటులోకి దిగే అంచుకి గంట్లు ఎన్ని. ఇది కాదు. ఇది కాదు. ఇదీ కాదు. గోధుమలేరినట్టు ఏరుతోంది. గంధం అడ్డమొచ్చేది నా కళ్లకే గానీ ఆమె వేళ్లకి కాదు.

షావుకారు బేరాలు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నా కొట్లో ఉండిపోండమ్మా," అన్నాడు.

మధ్యాహ్నానికి గుట్టంతా అయిపోయి మూడు కార్డులు మిగిలాయి. మొదటిది తుడిచాను, నంబరు వేరు. రెండోది మధ్యలో విరిగి ఉంది. మూడోది అప్ప ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"ఇదేరా. మూల కాడ చిన్న గరుకున్నాది, మనదానికీ ఉన్నాది. తుడిసి సూడు."

తుడిచాను. గంధం పోయింది, కుంకుమ పోయింది. ఒక్కొక్క అంకె పైకి చదివాను. మా కార్డు నంబరే, ఆఖరి అంకెతో సహా. నడిబజారని కూడా చూడకుండా ఈల వేశాను. షావుకారు డబ్బు పుచ్చుకోనన్నాడు. "అమ్మ సేత్తో ఏరింది, నేను అమ్మింది కాదు," అన్నాడు.

ఇంటికొచ్చి గుచ్చాను. లినక్స్ లేచింది, కార్డుని పేరుపెట్టి గుర్తుపట్టింది. అప్ప హెడ్‌ఫోన్ వద్దంది, స్పీకరు పెట్టమంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నిశ్శబ్దం. అప్ప ముఖంలో రంగు దిగిపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత లినక్స్ కొత్త కార్డుని చూడగానే మొదట దాని నోరు మూసి ఉంచుతుంది, మనమే తెరవాలి. ఓరి నా మతిమండా! ఒక్క మీట నొక్కి మ్యూట్ తీశాను.

పలికింది. అదే గొంతు. ఇల్లంతా దద్దరిల్లేలా పలికింది.

అమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. అప్ప మాత్రం, "ఒరే, పువ్వులట్టుకురా," అంది. అరవై నాలుగో నామం దగ్గర మొదలుపెట్టించి, నూటెనిమిదీ పూర్తి చేయించింది. "కొబ్బరికాయ పెరట్లో కొట్టు," అంది చివర్లో.

తర్వాత పరిశోధన తెరిచింది. మొదటి పాట వింటూనే వేళ్లు ఆపేసింది.

"రెండో వరస ఏదిరా?"

ఇందాక చెబుతానన్న తెలివితక్కువ పని ఇదే. ఆ కోపంలో ఆమె డిస్కు నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, చెప్పకుండా పుస్తకమంతా "బాగుచేశాను." ప్రతి పాటలోనూ ప్రతి చరణమూ రెండుసార్లు కనబడితే, కళ్లు లేక పొరపాటున రెండుసార్లు కొట్టిందనుకుని, నలభై పాటల్లోనూ రెండోది చెరిపేశాను. పాత కాపీ కూడా ఉంచలేదు. తల దించుకుని అంతా చెప్పేశాను.

అప్ప కుడిచేయి గాలిలో వెనక్కి లాగుతూ పాడింది: "సన్న నూలు సాగింది సందమావా..." అదే చేయి ముందుకి తెస్తూ మళ్లీ పాడింది: "సన్న నూలు సాగింది సందమావా..."

"దారం లాగినప్పుడు ఓ పాలి పాడతారు, కదురుకి సుట్టినప్పుడు మళ్లీ ఓ పాలి. రెండోది తీసేస్తే లాగిన నూలు గాల్లోనే ఉండిపోద్దిరా. అందుకే నా సెవితో నానే సదవాలన్నాను."

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. నలభై పాటలూ ఆమెకి కంఠతా వచ్చు. పాడుతూ, టైపు చేస్తూ, ఆ గొంతు తిరిగి చెప్పింది వింటూ, తొమ్మిది రోజుల్లో ప్రతి చరణాన్నీ తిరిగి తెచ్చింది. నేను మంచినీళ్లు అందించాను. నాకు ఇచ్చిన పని అదొక్కటే.

రెండో సోమవారం ఎచ్చెర్లలో ప్రొఫెసరుగారు పుస్తకం తిరగేస్తూ నొసలు చిట్లించారు. "ఏమ్మా, చరణాలన్నీ రెండేసిసార్లు పడ్డాయి. ఎవరూ సరిచూడలేదా?"

"నేనే చదివి చూసుకున్నానండీ, మొదటి పేజీ నుంచి చివరి దాకా," అంది అప్ప. కుడిచేయి లేపి, దారం లాగి ఒకసారి, చుట్టి ఒకసారి, పాట పాడి వినిపించింది. పక్కగదుల్లో వాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పాట అయ్యాక ప్రొఫెసరుగారు పుస్తకం మొదటి పేజీకి తిప్పి, పెన్ను మూత తీసి అప్ప చేతిలో పెట్టారు.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించరా," అంది అప్ప నాతో. ఆమె వేలు పట్టుకుని తీసుకెళ్లి సంతకం గీత మీద ఆనించాను.